గట్టు మీద గరిక, గట్టు లోపల ఎలుక

వినాయక చవితి ఎల్లుండి. ఈ వ్యాసం మాత్రం ఇవాళ సాయంత్రానికే ఇవ్వాలి. ఉండ్రాళ్ల సంగతి ఇంట్లోవాళ్లకు వదిలేసి, గరిక గురించీ ఎలుక గురించీ నాలుగు ముక్కలు రాస్తాను.

పొలం గట్టుకు ఇద్దరూ పాత కాపులే. గరిక తీగ పాకుతూ పాకుతూ ఏ కణుపు నేలకు ఆనితే అక్కడ వేరు దించుతుంది. లాగి చూడండి, తెల్లటి పీచువేళ్లతో పాటు మట్టిపెళ్ల కూడా ఊడొస్తుంది. వానకు గట్టు కోసుకుపోకుండా కాసేది ఆ పట్టే. ఎలుక అదే గట్టును లోపల గుల్ల చేస్తుంది. కంకిని మెడ దగ్గర కొరికి బొరియలోకి ఈడ్చుకుపోయి పేరుస్తుంది. కోతలయ్యాక యానాదులు గట్టు తవ్వితే, ఇంత చిన్న ప్రాణికి ఇన్ని కంకులెందుకా అనిపిస్తుంది. దాని ముందుపళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయట. ఆకలి లేకపోయినా ఏదో ఒకటి కొరకాల్సిందే.

అనలాసురుణ్ణి మింగిన స్వామి ఒంటి మంట 21 గరిక పోచలతో చల్లారిన కథ మీకు తెలిసిందే. గంధర్వుడైన క్రౌంచుడు ఎలుకై పరాశరుల ఆశ్రమంలో చేసిన ఆగడమూ తెలిసిందే. స్వామి దాన్ని చంపలేదు, ఎక్కి కూర్చున్నాడు. గరికనేమో నెత్తిన పెట్టుకున్నాడు. అలాగని గరికను సాధువును చేయనక్కర్లేదు. చేలోకి దిగితే రైతు తిట్టిపోసే కలుపు అదే.

నా బాధంతా పేర్చుకోవడం గురించే. ఒకటి కొంటే ఒకటి ఉచితమంటే చాలు, మన అటకలు బొరియలైపోతున్నాయి. పత్రి కూడా కవర్లలోకి వచ్చేసింది. పోయినేడు మేం కొన్న పొట్లంలో గరిక పేరుతో ఏదో గడ్డి ఉంది. దూర్వాయుగ్మం అంటూ దాన్నే వేశాం. అసలు గరిక మా గేటు పక్కన సిమెంటు పగుల్లో ఉంది. రోజూ దాన్ని తొక్కుకుంటూనే వెళ్తున్నాం.

ఒకరికి చెప్పేంతటివాణ్ణి కాను. చవగ్గా వస్తోందని నేను తెచ్చిన మూడు బియ్యం బస్తాల్లో మూడోదాన్ని నిన్న రాత్రి ఎలుక కొరికింది. బోను దించబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. “చవితి వెళ్లేదాకా ఆగండి, ఆయన బండి అది” అంది. ఇది రాస్తుంటే అటక మీద గరగరమంటోంది.