దేవుడి దగ్గర చనువు

అధికారిని ‘మీరు’ అంటాం, మామగారిని ‘మీరు’ అంటాం. లోకాలన్నిటికీ ప్రభువని నమ్మే వేంకటేశ్వరుణ్ణి మాత్రం ‘నువ్వు’ అంటాం, ‘నా తండ్రీ’ అంటాం. బాలకృష్ణుణ్ణయితే ‘చిన్ని కన్నా’ అని ముద్దు చేస్తాం. ఇది భక్తిలోకి చొరబడిన అమర్యాదా, భక్తికి ప్రాణమా? ప్రాణమేనని నా వాదన. పొగడటానికి పరిచయం కూడా అక్కర్లేదు, ఎంత దూరాన నిలబడైనా పొగడవచ్చు. ముద్దుగా పిలవాలంటే మాత్రం బంధం ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక నిలదీసే హక్కూ వస్తుంది, బాధ్యతా మీద పడుతుంది.

దీనికి ఎదురు సాక్ష్యం గీతలోనే ఉంది. పదకొండో అధ్యాయంలో విశ్వరూపం చూసి వణికిపోయిన అర్జునుడు, మహిమ తెలియక స్నేహితుడా అని పిలిచినందుకు, ఆటల్లోనూ భోజనాల దగ్గరా పరిహాసమాడినందుకు క్షమించమంటాడు. నారద భక్తిసూత్రాలు గోపికలను ఆదర్శంగా చూపుతూనే, మాహాత్మ్యం ఎరుగని ప్రేమ జారుల ప్రేమలాంటిదని హెచ్చరిస్తాయి. అయితే చనువంటే అజ్ఞానమేనా? అర్జునుడి క్షమాపణనే ఇంకొంచెం ముందుకు చదవాలి. తండ్రి కొడుకునీ, స్నేహితుడు స్నేహితుణ్ణీ, ప్రియుడు ప్రియురాలినీ సహించినట్టు తనను సహించమంటాడు. చనువు చూపినందుకు మన్నింపు కోరడానికి కూడా అతనికి దొరికిన ఆసరా ఆ చనువే. ఆ వెంటనే పాత రూపమే చూపమని వేడుకుంటాడు, కృష్ణుడు చూపుతాడు. పెరియాళ్వార్ ఇంకా ముందుకు వెళ్లాడు. గరుడవాహనం మీద విష్ణువు ప్రత్యక్షమైతే, ఆ సౌందర్యానికి ఎవరి దిష్టి తగులుతుందోనని భయపడి, చల్లగా ఉండమని ఆ స్వామికే పల్లాండు పాడాడని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఎదుట ఉన్నదెవరో ఆయనకు బాగా తెలుసు. తెలిసీ తల్లిలా కంగారుపడ్డాడు.

తీపిమాటలతో దేవుణ్ణి మంచి చేసుకుంటున్నామని ఇంకో ఆక్షేపణ. గోల్కొండ చెరలో కంచర్ల గోపన్న పాడిన ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన వింటే ఆ అనుమానం నిలవదు. సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు పట్టాయని లెక్క చెబుతాడు. రాముడు పెట్టుకున్న కలికితురాయి తండ్రి దశరథుడు పెట్టిందా, మామ జనకుడు పంపిందా అని అడుగుతాడు. ఇచ్చకాలు పలికేవాడు ఇలా నగల ఖర్చు చెప్పి దెప్పడు. చివరికి దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, బాధపడకు అని రాముణ్ణే ఓదారుస్తాడు. తిట్టిన నోటితోనే ఓదార్చడం అయినవాళ్ల మధ్యనే జరుగుతుంది.

నిర్గుణ బ్రహ్మానికి తండ్రి, కొడుకు, ప్రియుడు అన్న మాటలు ఎలా అతుకుతాయని అద్వైతి అడగవచ్చు. బ్రహ్మలక్షణం చెప్పే వాక్యాలుగా తీసుకుంటే నిజంగానే అతకవు. బిడ్డను ‘బంగారుకొండ’ అనే తల్లి మాత్రం లక్షణం చెబుతోందా? అద్వైతసిద్ధి రాసిన మధుసూదన సరస్వతే భక్తిరసాయనమూ రాశాడు. కరిగిన లక్కలో రంగు కలిసిపోయినట్టు, కరిగిన చిత్తంలో భగవదాకారం స్థిరపడుతుందని అందులో వివరించాడు. అద్వైతం కోసం అంతగా వాదించిన పండితుడే మనసు కరగడానికి అంత విలువ ఇచ్చాడు. అలా కరిగించడంలో శాస్త్రచర్చ కంటే ‘కన్నయ్యా’ అన్న పిలుపుకు బలమెక్కువని నా నమ్మకం. దాన్ని పామరుల అలవాటుగా పక్కకు నెట్టేయడం నాకు సమ్మతం కాదు.