ఎవరి బల్లయొద్ద కూర్చుందుము?

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 8, 10, 11 అధ్యాయములు, లూకా 5:27–32



మన గ్రామ సంఘములలో పెరిగి, చదువుకొని, హైదరాబాదులో ఉద్యోగములు చేసికొనుచున్న బిడ్డలు క్రిస్మసుకు ఇంటికి వచ్చినప్పుడు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. “అయ్యగారూ, అప్పుడప్పుడు మా ఆఫీసువాళ్లందరం కలిసి భోజనానికి వెళ్తాం. అక్కడ మాంసం కాల్చి పెడతారు, బీరు అక్కడే తయారుచేసి పోస్తారు. మేము వెళ్లొచ్చా, వెళ్లకూడదా?” అదే ప్రశ్నను తల్లులు మరియొక విధముగా అడుగుదురు. “మావాడు అలాంటి చోట్లకు పోతున్నాడటండీ అయ్యగారూ, చెడిపోయినట్టేనా?” ఈ రెండు ప్రశ్నలకును కోపము లేకుండ, తొందరపాటు లేకుండ, వాక్యపు వెలుగులో జవాబు వెదకుట మంచిది.

అట్టి చోటు చూడనివారికి కొంచెము వివరించెదను. 2015లో తెలంగాణ ప్రభుత్వము చిన్న బీరు కార్ఖానాలకు నియమములు ఏర్పరచినది. అటు తరువాత జూబిలీ హిల్సు, గచ్చిబౌలి వంటి పేటలలో ఇవి వెలసినవి. లోపల పెద్ద పెద్ద లోహపు పీపాలుండును. మొలకెత్తించి ఎండబెట్టిన యవలను నలుగగొట్టి, వేడినీళ్లలో నానబెట్టి తియ్యని రసము తీయుదురు. చేదు కొరకు హాప్సు అను పువ్వులు వేసి కాచుదురు. చల్లార్చి, ఈస్టు కలిపి, కొన్ని దినములు పులియనిత్తురు. అదియే బీరు. కొన్ని చోట్ల బల్ల మధ్యనే నిప్పుల కుంపటి పెట్టి, ఇనుప చువ్వలకు గ్రుచ్చిన కోడిమాంసము, రొయ్యలు దానిమీద కాల్చుకొని తినుటకు ఏర్పాటు చేయుదురు. ఇది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. తెల్లవారుజామున తాటిచెట్టునుండి దింపిన తియ్యని రసము సాయంకాలమునకు పులిసి మత్తెక్కించు కల్లగుట మనమెరుగుదుము. కల్లు దుకాణము ప్రక్కన వేపుడు ముక్కలు అమ్ముటయు ఎరుగుదుము. పట్టణములో పీట మారినది, వెల పెరిగినది, ఏసీ వచ్చినది. లోపలికి పోయినది చేయు పని మాత్రము ఒక్కటే.

“అక్కడికి పోవద్దు, అంతే” అని చెప్పుట సులభము. కాని ఆ మాట చెప్పుటకు ముందు మన ప్రభువు ఎక్కడెక్కడ భోజనము చేసెనో జ్ఞాపకము చేసికొనవలెను. సుంకరియైన లేవి ఇంట గొప్ప విందు జరిగినప్పుడు ఆయన అక్కడ కూర్చుండెను. జక్కయ్య ఇంటికి తానే పోయెను. అందుచేతనే ఆయనను తిండిపోతనియు త్రాగుబోతనియు జనులు నిందించిరి. ఆ నింద అబద్ధము. అయినను ఆ నింద రాకుండుటకై ఆయన ఎవరి బల్లను విడిచిపెట్టలేదు.

బల్ల సంగతి మన పెద్దలకు బాగుగా తెలియును. టీ దుకాణములో వేరు గ్లాసు, వెలుపల అరుగు క్రింద కూర్చుండుట, దోసిలిలో పైనుండి పోసిన నీళ్లు. వీటిని అనుభవించినవారు మన సంఘములలో ఎందరో కలరు. అస్పృశ్యత నేరమని 1955లో చట్టము వచ్చిన తరువాతను, ఈ రెండు గ్లాసుల పద్ధతి అనేక గ్రామములలో చాల యేండ్లు నడచినది. అట్టి ఇంటి మనుమడు ఈనాడు పదిమందితో సమానముగా ఒక బల్లయొద్ద కూర్చుండి, ఒకే కుంపటిమీది ముక్కను తీసికొని తినుచున్నాడు. ఇది చిన్న సంగతి కాదు. ఆ బల్లనుండి వానిని లేపివేయుటకు ముందు మనము రెండుసార్లు ఆలోచించవలెను.

కొరింథు సంఘమువారికి కూడ ఇట్టి చిక్కే వచ్చినది. ఆ పట్టణములో విందులకును విగ్రహములకును దగ్గర సంబంధముండెను. అస్క్లేపియస్ అను వారి వైద్యదేవత గుడిని ఆనుకొని భోజనపు గదులుండినట్లు త్రవ్వకములలో బయలుపడినది. ఉద్యోగము, వ్యాపారము, స్నేహము అన్నియు అట్టి విందులలోనే కుదిరెడివి. అప్పుడు పౌలు భక్తుడు మూడు సంగతులను విడదీసి చెప్పెను. విగ్రహమునకు మ్రొక్కుచు తిను విందులో పాలుపొందవద్దనెను. అంగడిలో అమ్ము మాంసమును ఆరా తీయక తినవచ్చుననెను. అవిశ్వాసి భోజనమునకు పిలిచినయెడల, పోవలెనని మనస్సున్నచో పోయి, పెట్టినది తినవచ్చుననెను. కాని ప్రక్కనున్నవాని మనస్సాక్షికి దెబ్బ తగులునట్లయితే చెయ్యి వెనుకకు తీసికొనవలెననెను. పౌలు అడిగినది “నాకు అధికారమున్నదా?” అను ప్రశ్న ఒక్కటే కాదు. “నా అధికారమువలన నా ప్రక్కనున్న బలహీనునికి ఏమగును?” అని కూడ అడిగెను. ఏ బల్లనైనను తూచుటకు ఇదే తూనిక.

ఇక గ్లాసు మాట. వాక్యము ద్రాక్షారసమును దేవుని దానములలో ఒకటిగా చెప్పుచున్నది. కానా ఊరి పెండ్లిలో ప్రభువు నీళ్లను ద్రాక్షారసముగా మార్చెను. అదే వాక్యము సామెతల గ్రంథము 23వ అధ్యాయములో మద్యము తుదకు పామువలె కరచునని హెచ్చరించుచున్నది. ఈ రెండు మాటలును నిజమే. కాని “బీరే గదా, విస్కీ కాదు గదా” అనువారు ఒక చిన్న లెక్క చూడవలెను. నూటికి 5 పాళ్ల ఆల్కహాలుండు బీరు 500 మిల్లీలీటర్ల గ్లాసెడు త్రాగినచో 25 మిల్లీలీటర్ల ఆల్కహాలు లోపలికి పోవును. మన దేశపు విస్కీలో సాధారణముగా నూటికి 42.8 పాళ్లు ఉండును. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో సుమారు 25.7 మిల్లీలీటర్లు వచ్చును. అనగా ఒక పెద్ద గ్లాసు బీరును, ఒక పెద్ద పెగ్గు విస్కీయు ఇంచుమించు సమానమే. ఆరోగ్యమునకు హాని లేని మద్యపు మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది.

ఈ లెక్కను మనకంటె ముందుగా తమ ఇండ్లలో చూచినవారు మన తల్లులు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణమునకు అడ్డుపడిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1నుండి సారా నిషేధించబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో అది సడలిపోయినది. చట్టము వచ్చినది, పోయినది. ఆ తల్లుల ప్రశ్న మాత్రము పోలేదు: ఈ గ్లాసు వెల ఎవరి కంచములోనుండి తీసినది?

ఒక సంగతి మనము మరువరాదు. కొరింథు పత్రికలో భోజనపు బల్లనుగూర్చి పౌలు మిక్కిలి కఠినముగా పలికినది విగ్రహాలయపు బల్లనుగూర్చి మాత్రమే కాదు. సంఘపు బల్లనుగూర్చి కూడ. 11వ అధ్యాయము చదివి చూడుడి. ప్రభురాత్రి భోజనమునకు కూడి వచ్చినప్పుడు, కలిగినవారు ముందుగా తిని మత్తులైరి. లేనివారు ఆకలితో చూచుచు నిలిచిరి. పట్టణమునకు పోయిన బిడ్డను గద్దించు మనము మన పెండ్లి పందిరి వెనుక ఏమి జరుగుచున్నదో ఎరుగమా? చావు ఇంట పెద్ద దినమున సీసాలు పంచుట ఎరుగమా? విందులో పేదవారి పంక్తి చివరకు మాంసము అడుగంటి పులుసే మిగులుట ఎరుగమా? అక్కడ బలహీనుడెవడు? వానికేమగుచున్నది? ఈ తూనిక పట్టణమునకు ఒకటి, పల్లెకు ఒకటి కాదు.

కాబట్టి యువకులారా, మీరడిగిన దానికి నా జవాబు ఇది. పోవుడి, కలిసి తినుడి, మీ వంతు డబ్బు మీరే ఇయ్యుడి. గ్లాసు మాత్రము ముట్టకుడి. నిమ్మకాయ సోడా అడుగుటకు సిగ్గుపడవద్దు. ఆ బల్లచుట్టు ఒకసారి చూడుడి. క్రొత్తగా చేరి, వద్దనుటకు భయపడుచున్నవాడు ఒకడుండును. మీ చేతిలోని సోడా వానికి ధైర్యమగును. ఎంతో కష్టముతో త్రాగుడు మానినవాడు ఒకడుండును. వాడు ఒంటరి కాకుండ వాని ప్రక్కన కూర్చుండుడి. నడిరాత్రివరకు చువ్వలు మోసి నిలుచుండు కుర్రవాడు మనవంటి పల్లెనుండి వచ్చినవాడు కావచ్చును. వానితో మర్యాదగా మాటలాడుడి. త్రాగినవాడు బండి తాళము తీసినప్పుడు అడ్డుపడుడి. రక్తము 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించి బండి నడుపుట చట్టముచేత నేరము. ప్రాణమునకు ముప్పు అంతకంటె పెద్దది. ఒకవేళ అక్కడ ఆ బలహీనుడవు నీవే అయినయెడల పోకుము. పోలేదని ఎవరికిని సంజాయిషీ ఇయ్యనక్కరలేదు. అది పిరికితనము కాదు, జ్ఞానము.

తల్లులారా, బిడ్డ ఎక్కడ కూర్చుండెనో అని మాత్రమే అడుగవద్దు. ఎవరి ప్రక్కన కూర్చుండెనో, వానికి ఏమి మేలు చేసెనో కూడ అడుగుడి. పాపుల బల్లయొద్ద కూర్చుండి వారిని లేవనెత్తిన ప్రభువు, మన పట్టణపు బల్లలను, పల్లె పంక్తులను, సంఘపు బల్లను తన సన్నిధితో పరిశుద్ధపరచును గాక. ఆమేన్.