నాకు పెళ్లయింది

2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్న దగ్గర ఐదుగురు న్యాయమూర్తులూ ఒక్కటయ్యారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో స్వలింగ జంటల్ని చేర్చాలంటే అది పార్లమెంటు పనేనన్నారు. పిటిషన్ వేసినవాళ్లలో మన హైదరాబాద్ జంట కూడా ఉంది.

ఆ చట్టం నాకు పరాయిది కాదు. కులాలు వేరైన మా ఇద్దరికీ పెళ్లి చేసింది అదే. ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. (మూడో సాక్షి కోసం పడ్డ తిప్పలు వేరే కథ.) అందుకే నిరసనకి వెళ్లాను, పాత బాకీ తీర్చుకుంటున్నట్టు.

ప్లకార్డుతో చాయ్ బండి దగ్గరికెళ్తే పెద్దాయన మెల్లగా అడిగాడు: "మీరు గూడ గట్లనేనా సార్?"

"కాదండీ, నాకు పెళ్లయింది."

అబద్ధమేం కాదు. కానీ పక్కనే ఉన్నతను విన్నాడు. ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఒకరితో కాపురం చేస్తున్న మనిషి. ఏమీ అనలేదు, ప్లకార్డు చెయ్యి మార్చుకున్నాడు. నామీద పడ్డ అనుమానాన్ని రెండు నిమిషాలు మోయలేకపోయాను. దులుపుకోడానికి వాడుకున్నది కూడా, వాళ్లు అనడానికి వీల్లేదని కోర్టు తేల్చిన ఆ మాటనే.

పెద్దాయన మాత్రం తేలిగ్గా నవ్వి, చక్కెర ఎంతెయ్యాలని అడిగాడు.