బాలిగ్ అయితే చాలా?

పదిహేనేళ్ళు నిండిన మన పిల్లలు ఈమధ్య ఒక ప్రశ్న వేస్తున్నారు. "నమాజు మామీద ఫర్జ్ అయింది. రోజా విడిచిపెడితే జవాబుదారులం మేమే. అల్లాహ్ దగ్గర పెద్దవాళ్ళమైన మేము ఆర్టీవో దగ్గర మాత్రం చిన్నపిల్లలమా?" గదమాయించి నోరు మూయించడం తేలికే. కాని ప్రశ్నలో పస ఉంది, జవాబు చెప్పవలసిందే.

అరకులోయ లాంటి చోట ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. శృంగవరపుకోట దాటాక అనంతగిరి మీదుగా సాగే ఘాట్ రోడ్డంతా మలుపులే. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదు పర్యాటకుల బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయింది ఈ దారిలోనే. బస్సు రాని కొండపల్లెల కుర్రాళ్ళకు బండి సరదా ఒక్కటే కాదు, అవసరం కూడా. "ఈ మలుపులు మాకు కొట్టినపిండి, మైదానంలో వాళ్ళకు పెట్టిన వయసు మాకెందుకు?" అంటారు. చేతికి పనితనం ముందే వస్తుందన్నది నిజమే.

అయితే షరీఅత్ బులూగ్‌ను, రుష్ద్‌ను వేరుగా చూసింది. మొదటిది యుక్తవయస్సు, రెండవది మంచిచెడ్డలు ఎంచి నడుచుకునే పరిణతి. అన్నిసా సూరా 6వ ఆయతు ప్రకారం అనాథలను పరీక్షిస్తూ ఉండాలి. యుక్తవయస్సు వచ్చి, పరిణతి కూడా కనిపించాకే వారి ఆస్తి వారికి అప్పగించాలి. ఆ ఆస్తి వారిదే సుమా! సొంత సొమ్ముకే ఇంత జాగ్రత్త అయితే పరాయి ప్రాణానికి ఎంత ఉండాలి? నమాజు విడిస్తే నష్టం విడిచినవాడికి. బండి అదుపు తప్పితే పోయేది కట్టెలమోపుతో రోడ్డువార నడిచే ఏ తల్లి ప్రాణమో.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) పద్నాలుగేళ్ళ వయసులో ఉహుద్ యుద్ధానికి వస్తానంటే దైవప్రవక్త (స) అనుమతించలేదు. ఖందఖ్ నాటికి పదిహేనేళ్ళు, అప్పుడు అనుమతించారు (బుఖారీ, ముస్లిం). ఆ ఉహుద్ సందర్భంలోనే రాఫె బిన్ ఖదీజ్ (రజి) మంచి విలుకాడని తెలిసి ఆయన్ను చేర్చుకున్నారనీ, "నేనతణ్ణి కుస్తీలో పడగొట్టగలను" అన్న సముర బిన్ జుందుబ్ (రజి) పడగొట్టి చూపాకే అనుమతి పొందారనీ సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. సామర్థ్యాన్ని నిరూపించుకున్నది వారే, కాని సరిపోతుందో లేదో తేల్చింది వారు కాదు. లైసెన్సు పరీక్ష అంటే ఇంతకన్నా వేరేమీ కాదు. ఉహుద్‌కు చిన్నవాడని వెనక్కి పంపబడిన ఉసామా బిన్ జైద్ (రజి) దాదాపు పద్దెనిమిదేళ్ళకే సేనాపతి అయ్యారు. ఆగమన్నది అవమానించడానికి కాదు.

పద్దెనిమిది నిండిన రాత్రే పరిణతి ఊడిపడుతుందా అంటే, పడదు. అంకె మొరటుదే. కాని రోడ్డు మీద ఒక్కొక్క కుర్రాడి మనసు తూచేవారెవరు? శారీరక చిహ్నాలు కనిపించనప్పుడు మన ఫుఖహాలు కూడా అంకెనే ఆశ్రయించారు. మగపిల్లలకు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పద్దెనిమిది అన్నారు, ఆయన శిష్యులిద్దరు పదిహేను అన్నారు. ట్రాఫిక్ నిబంధనలు షరీఅత్‌కు విరుద్ధం కానంతవరకు వాటిని పాటించడం వాజిబ్ అని 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం పద్దెనిమిదేళ్ళు అంటుంది. 50 సీసీ మించని బండికైతే పదహారు. ఇప్పుడు తిరిగే స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైమాటే కాబట్టి ఆ మినహాయింపు పేరుకే మిగిలింది. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాక 30 రోజులు గడిస్తేగాని పరీక్షకు పిలవరు. 2019 సవరణ నేరాన్ని తండ్రి మీదికి, బండి యజమాని మీదికి తెచ్చింది: మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఇది కొత్త న్యాయమని ఆశ్చర్యపోనక్కరలేదు. పసివాడి చేతిలో ప్రాణం పోతే రక్తపరిహారం అతని బంధువర్గం చెల్లించాలని మన ఫిఖ్‌హ్ ఏనాడో చెప్పింది. తాళం చెవి ఇచ్చి, "మావాడు ఎంత బాగా నడుపుతాడో" అని మురిసే తండ్రికీ, వయసు కాగితం దిద్దించే తండ్రికీ ఈ మాట కొడుకు కన్నా ముందు వినిపించాలి.

మరి అర్ధరాత్రి అక్కకు పురిటి నొప్పులు వస్తే, అంబులెన్సు చేరలేని ఊరైతే, ఇంట్లో నడపగలిగింది పదిహేడేళ్ళ తమ్ముడొక్కడే అయితే? ప్రాణాపాయంలో నిషిద్ధమూ సడలుతుందన్నది ఫిఖ్‌హ్ సూత్రమే. కాని జరూరత్ ఎంతో సడలింపు అంతే. ఆ రాత్రి అనుమతి అక్కను ఆసుపత్రి చేర్చేదాకా. మర్నాడు సంతకు వెళ్ళి ఉప్పు తెమ్మని అదే తమ్ముడికి తాళం ఇచ్చే తండ్రి ఆ రాత్రిని సాకుగా చూపలేడు.