పనిముట్టు కాపుదల – బసవన్న లెక్క



దసరా పండుగనాడు మన ఇండ్లలో పనిముట్లను కడిగి, విభూతి పెట్టి, పూవులుంచి మ్రొక్కుదుము. మేస్త్రి తన తాపీని, రసమట్టమును, తూగుగుండును పీటపై నుంచును. వడ్రంగి ఉలిని, రంపమును, బాడిశను ఉంచును. మరునాటి నుండి అవియే కట్టుచున్న గోడ ప్రక్కన ఇసుకకుప్పపై రాత్రియెల్ల దిక్కులేక పడియుండును. ఏడాదికొక దినము పూజించి తక్కిన దినములు గాలికి వదలుట ఏ పూజయో నాకు తోచదు.

చెల్పూరు ప్రాంతము వారికి కట్టడపు పని క్రొత్త కాదు. కాకతీయ తాపవిద్యుత్ కేంద్రపు 500 మెగావాట్ల తొలి దశ 2010లోను, 600 మెగావాట్ల రెండవ దశ 2016లోను ఇచ్చటనే పూర్తియైనవి. సమీపమున గణపురము కోటగుళ్లలో కాకతీయుల నాటి శిల్పుల ఉలిదెబ్బలు నేటికిని కానవచ్చుచున్నవి. పెద్ద కట్టడములకు ప్రహరి, కావలివాడు, సామానుగది, చీటీ ఉండును. నేను చెప్పదలచినది వానిని గూర్చి కాదు. మనము కట్టుకొను ఇల్లు, మఠమునకు వేయు గది, ఊరి కల్యాణమండపము – వీనిని గూర్చియే. ఇచ్చట తలుపు లేదు, లెక్క లేదు, అడుగువాడు లేడు.

కాయకమే కైలాసమను మాట మన పిల్లలకును కంఠస్థమే. నులియ చందయ్యకు త్రాడు, మేదర కేతయ్యకు వెదురు, హరళయ్యకు తోలు – ఆ కాయకములు చేతితో జరిగినవి, చేతికి పనిముట్టు తోడైనది. పనిముట్టు పోయిననాడు కాయకము నిలుచును, కాయకము నిలిచిననాడు దాసోహమును నిలుచును. తాపీ పోయిన మేస్త్రి ఎట్లో మరొకటి కొనును. అప్పు చేసి కటింగు మిషను కొన్న రాతిపనివానికి అది పోయినచో అప్పు మిగులును, పని మిగులదు.

ఇందుకొక ఆక్షేపణ కలదు. ఒక పెద్దాయన నన్నడిగెను: “అయ్యా, బసవన్న ఇంటి ఆవులను దొంగలు తోలుకొనిపోయినపుడు ఆయన దుఃఖింపలేదు గదా. అక్కడ పాలు త్రాగువాడును సంగమేశ్వరుడే యనుకొన్నాడు గదా. మనకు తాళములేల?” మంచి ప్రశ్నయే. పాల్కురికి సోమనాథుని బసవపురాణములోనే దీనికి సమాధానము కలదు. బసవన్న బిజ్జలుని కొలువులో భండారి. భండారపు సొమ్మును జంగములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు రాజుతో చెప్పిరి. బసవన్న అలుగలేదు, ‘నన్నే అనుమానింతువా’ యని కొలువు విడిచి పోలేదు. పెట్టెలు తెరిపించి లెక్క చూపించెను, సొమ్ము తక్కువ కాలేదు. తన ఆవు పోయినపుడు క్షమించినవాడే, తనకు అప్పగించిన సొమ్మునకు లెక్క చెప్పెను. ఒకటి తనది, రెండవది పరులది. పరుల సొమ్ముతో ఔదార్యము చూపు హక్కు ఎవరికిని లేదు. కట్టడపు స్థలమున నున్న సుత్తి, డ్రిల్లు, సెంట్రింగు పలక యజమానివి కావు, మనవి అంతకంటె కావు. అవి పనివాని అన్నము.

లెక్క యనగా అనుమానమని పలువురు తలంతురు. కాని లెక్క లేనిచోటనే అనుమానము పుట్టును. ఇందుకు నేనే సాక్షిని. కొన్నేండ్ల క్రిందట మా దగ్గరి చుట్టము లిల్లు కట్టించుచుండిరి. స్లాబు పోసిన మరునాడు ఒక డ్రిల్లు మిషను కనబడలేదు. స్లాబునాడు బయటి ముఠావారు ముప్పదిమంది వచ్చియుండిరి. అయినను అందరి చూపులును పొరుగు రాష్ట్రము నుండి వచ్చిన ఒక చిన్న కూలివానిపై పడినవి. వానికి తెలుగు సరిగా రాదు, వాని పక్షమున మాటాడువారు లేరు. వారము కూలి పట్టుకొని వానిని పంపివేసిరి. నేనక్కడనే కుర్చీలో కూర్చుండి టీ త్రాగుచుంటిని, నోరు మెదపలేదు. మూడు వారములకు పలకలు ఊడదీయగా మిషను వాని క్రింద సంచిలో చుట్టబడి యుండెను. వర్షము వచ్చునేమోయని మేస్త్రియే దాచి మరచినాడు. వారము కూలి చేతబట్టుకొని ఆ పిల్లవానిని వెదకితిమి, వాడెక్కడికి పోయెనో ఎవరికిని తెలియదు.

అట్లు కూలి పట్టుకొనుట చట్టమును ఒప్పుకొనదు. పనివానికి ప్రత్యేకముగా అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యము వలన పోయిననే, అదియును అతని సమాధానము విన్న తరువాతనే వేతనమున కోత వేయవలెనని 1936 నాటి వేతన చెల్లింపు చట్టము విధించినది. 2019 వేతనస్మృతియు ఆ నియమమును నిలిపినది. అప్పగించినట్లు వ్రాత లేనిచోట కోతకు ఆధారమేది?

కనుక ఇల్లు కట్టువారు పునాది పూజనాడే ఒక నోటుపుస్తకము కొనవలెను. ఎవరి పనిముట్టు ఏది, మిషను అయినచో దానిపై అచ్చువేసిన సంఖ్య యేది, రసీదు ఎవరియొద్ద నున్నదో వ్రాయవలెను. పోయిననాడు ఠాణాకు చెప్పుకొనుటకు ఆ సంఖ్యయే ఆధారము. ఇనుప సామానుపై పేరు చెక్కింపుడు, చెక్కపిడికి ఒక రంగు వేయింపుడు. గుర్తున్న వస్తువును అమ్ముట దొంగకు కష్టము. ఒక గదికి పైకప్పు పడగానే తక్కినవానికంటె ముందు దానికి తలుపు పెట్టించి, ట్రంకుపెట్టెను గొలుసుతో స్తంభమునకు కట్టి తాళము వేయవలెను. నిచ్చెనను గోడకానించి పోరాదు. అది దొంగకు మనము వేసిన మెట్టు. అన్నిటికంటె ముఖ్యము సాయంకాలపు లెక్క. కూలి పంచుటకు ముందే, అందరును ఉండగనే పది నిముషములు కూడి లెక్కింపవలెను. ఆ లెక్కకు మేస్త్రి పనిముట్లును రావలెను, యజమాని తెచ్చినవియు రావలెను. కూలివాని సంచి మాత్రమే విప్పించినచో అది లెక్క కాదు, అవమానము. స్లాబునాడును, పండుగకు పని నిలుపునాడును రెండుమార్లు చూడవలెను.

దొంగసొత్తు కొనువారు లేనిచో ఈ దొంగతనము సగము తగ్గును. పాత ఇనుపసామాను దుకాణమున వాడిన రాగితీగ, క్రొత్త సుత్తి, పదునైన ఉలి తూకమునకు వచ్చినపుడు “ఇది నీకెక్కడిది?” యని అడుగవలసినవారు మనలోనే యున్నారు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత దొంగసొత్తని తెలిసి ఉంచుకొనువానికి దొంగతో సమానముగా మూడేండ్ల వరకు శిక్ష నిర్దేశించినది. అందులోనే మరొక నియమము కలదు. సొత్తు విలువ ఐదువేల రూపాయలకు లోపు, నేరము మొదటిది, సొత్తు తిరిగి యిచ్చెను – అట్టివానికి చెర కాదు, సమాజసేవయే శిక్ష. చిన్న పనిముట్ల దొంగతనములు పలుమార్లు ఆ విలువలోపివే. తప్పిన వానిని తిరిగి పనిలోనికి తెచ్చు ఈ త్రోవ మన పెద్దలకు నచ్చదగినది.

ఇక చేయి జారువానితో ఒక మాట. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజల నేరుకొని దాసోహము చేయువాడు. ఒకనాడు ఎక్కువ తెచ్చెను. అతని ఇల్లాలు లక్కమ్మ వండలేదు. ఎక్కువైన గింజలను తెచ్చినచోటనే పోసిరమ్మని పంపెను. అవి దొంగిలించినవి కావు, రాలినవే. ఇంటికి క్రొత్త సుత్తి వచ్చినపుడు “ఎక్కడిది?” యని అడుగు లక్కమ్మ ఆ ఇంట నుండవలెను. తాళము చేయలేని పని ఆమె చేయును.

మా చుట్టముల ఇల్లు పూర్తియైనది, గృహప్రవేశమును జరిగినది. ఆ వారము కూలి నేటికిని ఒక కవరులో వారి బీరువాలో నున్నది. ఇప్పుడు మఠమునకు వంటశాల కట్టుచున్నాము. నోటుపుస్తకము నాయొద్దనే యున్నది, సాయంకాలపు లెక్కకు నేనే పోవుచున్నాను.