వచ్చిందా? వచ్చింది!

అబద్ధం ఆడకూడదని పిల్లలకు రోజూ చెబుతూనే ఉంటాం. మరి అలసిపోయిన మనిషి మీద జాలితో ఆడిన అబద్ధమో? అది తప్పా, ప్రేమా? ఈ ప్రశ్నకు జవాబు నాకు చదివిన పుస్తకాల్లో దొరకలేదు. మా డాబా మీద, టీవీ ఏంటెన్నా దగ్గర దొరికింది. నవ్వకండి, చెబుతాను.

మాది ఇబ్రహీంపట్నం. హైదరాబాదు పక్కదీ కాదు, బెజవాడ దగ్గరదీ కాదు. మెట్‌పల్లి దగ్గరిది. ఇప్పుడు జగిత్యాల జిల్లా అంటున్నాం గానీ నా చిన్నప్పుడు కరీంనగర్ జిల్లా. మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో చెమటోడుస్తుంటే, ఆడవాళ్లు బీడీలు చుడుతూ సంసారం ఈదే ఊళ్లు మావి. 1989లో మా బాపు రెండు నెలల సెలవు మీద వస్తూ, బొంబాయి నుంచి ఇంటిదాకా ఒక కలర్ టీవీని చంటిబిడ్డను తెచ్చినంత భద్రంగా తెచ్చాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆదివారం పొద్దున్నే మహాభారతం వస్తున్న రోజులవి.

టీవీ వచ్చింది గానీ బొమ్మ రాలేదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లోనే మొదలైంది. కానీ మాకది సుమారు 200 కిలోమీటర్లు. టీవీ తరంగాలు దాదాపు కంటిచూపులాగే తిన్నగా పోతాయట. భూమి వంపు దాటి అంత దూరం రాలేవు. అందుకని మధ్యమధ్య రిలే కేంద్రాలు పెట్టారు. వాటికీ దూరమైన మాలాంటి వాళ్లు ఏంటెన్నాను ఎంత ఎత్తున కడితే అంత పుణ్యం.

ఆ ఏంటెన్నా తయారీ జపాన్ వాళ్ల పుణ్యమే. 1926లో ఉడా, యాగీ అనే ఇద్దరు దాని సంగతి లోకానికి చెప్పారు. కష్టంలో ఎక్కువ పాలు ఉడాదేనంటారు. లోకంలో నిలిచింది మాత్రం యాగీ పేరు. కష్టం ఒకరిది, పేరు ఒకరిది కావడం మన ఆడవాళ్లకు కొత్త సంగతేమీ కాదనుకోండి!

ఆ శనివారం సాయంత్రం బాపు డాబా ఎక్కి ఇనుప పైపు పట్టుకున్నాడు. అమ్మ టీవీ ముందు, నేను వాకిట్లో. పైనుంచి బాపు "వచ్చిందా?" అంటే, లోపల్నుంచి అమ్మ "రాలే" అంటే, ఆ మాట నేను పైకి మోయాలి. గంట గడిచింది. ఒక్కో మనిషికి పక్కన నీడలా ఇంకో మనిషి. ఒక కృష్ణుడికి ఇద్దరు కృష్ణులు కనిపించడం ఖాయం! బాపు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మా బాపమ్మకు కడుపు తరుక్కుపోయింది. "వచ్చిందని చెప్పవే, దిగుతడు!" అని నా చెవిలో గొణిగింది. నేను గొంతెత్తి "వచ్చింది బాపూ! మంచిగొచ్చింది!" అన్నాను.

బాపు ఏంటెన్నాను తీగతో బిగించి కట్టి, దిగి వచ్చి టీవీ చూశాడు. కోప్పడలేదు. "నిజం చెప్తే ఇంకింత తిప్పేటోణ్ణి గద బిడ్డా!" అన్నాడు. అంతే.

మర్నాడు మెట్‌పల్లి నుంచి వచ్చిన మెకానిక్ మాకు టీవీ శాస్త్రమంతా నేర్పాడు. తెర నిండా చుక్కలొస్తే సిగ్నల్ బలంగా లేదని. ఏంటెన్నా ఎత్తు పెంచాలి, తుప్పు పట్టిన అతుకులు గీకాలి. బొమ్మ పక్కన బొమ్మ వస్తే అదే సిగ్నల్ దేనికో తగిలి ఆలస్యంగా ఇంకోసారి వస్తోందని; కొంచెం పక్కకు తిప్పి చూడాలి. గీతలొస్తే పక్కనెక్కడో పిండి గిర్నీ మోటారు నిప్పురవ్వలు రాలుస్తోందని; ఏంటెన్నాను ఏం చేసినా లాభం లేదు, గిర్నీ ఆగేదాకా ఓర్చుకోవాలి. "మరి బూస్టర్ పెడితే?" అని అమ్మ అడిగింది. "అది బొమ్మతో పాటు చుక్కల్నీ పెంచుతదమ్మా" అన్నాడతను. ఇంటింటికీ కబుర్లు మోసే కొందరు చుట్టాలు నాకు గుర్తొచ్చారు.

బాపు మళ్లీ దుబాయి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు అమ్మకు టైఫాయిడ్ వచ్చి, మెట్‌పల్లిలో ఆస్పత్రిపాలైంది. ఉత్తరం రాయడానికి కూర్చున్న నన్ను బాపమ్మ ఆపింది. "ఆడ తెలిస్తే ఏం జేస్తడు? తిండి మాని పండుకుంటడు." నేను గుండ్రటి అక్షరాలతో 'ఇక్కడ అందరం క్షేమం' అని రాశాను. ఆ ఉత్తరం చూసుకుని బాపు నిశ్చింతగా ఇంకో రెండేళ్లకు ఒప్పందం రాసిచ్చాడు.

తిరిగి వచ్చాక సంగతి తెలిసి, చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "వద్దునో, రాకపోదునో! అది నేననుకోవాలె గని మీరనుకుంటే ఎట్ల?" అన్నాడు. అప్పుడు అమ్మ చూపు ఆయన ఎడమ మణికట్టు మీద పడింది. అది కొంచెం వంకరగా ఉంది. పనిలో జారిపడి నెల్లాళ్లు కట్టుతో ఉన్నాడట. ఆ నెల వచ్చిన ఉత్తరంలోనూ 'నేను క్షేమం' అనే ఉంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడి, ఇద్దరూ ఒంటరిగా బాధపడ్డారు.

నాకు జవాబు అక్కడ దొరికింది. డాబా మీద ఉన్నవాడి చేతిలో పైపు ఉంది, కానీ బొమ్మ కనబడదు. కింద ఉన్నవాళ్లకు బొమ్మ కనిపిస్తుంది గానీ చేతిలో పైపు లేదు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క మాటే. అదే అబద్ధమైతే ఆ గంటసేపటి చెమటా వృథా. మనం జాలి అనుకున్నది, తిప్పాలో వద్దో తేల్చుకునే హక్కును అవతలి మనిషి చేతిలోంచి లాక్కోవడమే.

"తెలిసినా చేయగలిగిందేమీ లేనప్పుడో?" అని మీరడగవచ్చు. బాపమ్మ మాటలోనూ న్యాయం లేకపోలేదు. కానీ స్టేషన్లోనే లోపం వస్తే దూరదర్శన్ వాళ్లు కూడా 'అంతరాయానికి చింతిస్తున్నాము' అని అట్ట పెట్టేవారు కదా! అది చూసి చెబితే పైనున్నవాడు పైపు వదిలి కిందికి దిగి, మన పక్కన కూర్చునేవాడు. చేయగలిగిందేమీ లేనప్పుడు పక్కన కూర్చోవడం కూడా చిన్న సంగతి కాదు.

పాత పద్ధతి ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ 2022 నాటికి చాలావరకు ఆపేసింది. బాపు కూడా లేడు. ఆ ఇనుప పైపుకు అమ్మ ఇప్పుడు దండెం కట్టుకుని బట్టలారేసుకుంటోంది. నేనుండేది హైదరాబాదులో. రోజూ రాత్రి ఫోన్ చేసి "ఎట్లున్నవమ్మా?" అంటే "మంచిగనే ఉన్న బిడ్డా" అంటుంది.

మొన్న ఉండబట్టలేక, "చుక్కలా, గీతలా, రెండు బొమ్మలా?" అన్నాను.

అమ్మ పకపకా నవ్వింది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మోకాలు వాచిందే. రెండొద్దులాయె, వాకిట్లకు పోక" అంది.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సెక్కాను.