గ్రీష్మమున హరివాసరము

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దల మాట. ఆ దినములలో మధ్యాహ్నవేళ పామర్రు కూడలిలో నిలిచినవారికి అందు అతిశయోక్తి యేమియు కన్పట్టదు. విజయవాడ, బందరు, గుడివాడ, చల్లపల్లి వైపులనుండి వచ్చు బాటలు ఇచ్చట కలియును. కాలువలు కట్టివేసిన కాలము. మాగాణి నేల నెఱ్ఱెలు విచ్చి యుండును. అయినను యాత్రికులు ఆగరు. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు సేవకు కొందఱు, మొవ్వ గోపాలుని దర్శనమునకు కొందఱు, మంగళగిరి పానకాలస్వామి కొండకు మఱికొందఱు పోవుచునే యుందురు. వారిలో తల నెరసిన తల్లులు తక్కువేమియు కాదు.

జ్యేష్ఠ శుద్ధైకాదశి దగ్గఱపడినకొలది ఈ ప్రాంతపు వైష్ణవ గృహములలో ఒకే సంవాదము వినవచ్చును. "అత్తయ్యగారూ, ఒక్క గుక్కెడు మజ్జిగైనా పుచ్చుకోండి" అని కోడలు బ్రతిమాలును. "ఇన్నేళ్ళ వ్రతం ఈ గుక్కెడుతో పోగొట్టుకోమంటావా అమ్మా" అని అత్తగారు ముఖము త్రిప్పుకొనును. ఇరువురిదియు భక్తియే. ఒకరిది భగవంతునియందు, రెండవవారిది భాగవతురాలియందు. ఇట్టిచోట శాస్త్రము ఏమి చెప్పుచున్నదో విచారింపవలసి యున్నది.

ఈ ఏకాదశికే నిర్జలైకాదశి యని పేరు. భీమసేనుడు ఆకలికి ఓర్వజాలనివాడు. ఏడాది పొడవున వచ్చు ఏకాదశులన్నియు ఉపవసింపలేనని మొఱపెట్టుకొనగా, ఈ ఒక్క దినము నీరైనను ముట్టక ఉండుమని వ్యాసభగవానుడు ఉపదేశించెనని పురాణకథ. ఆ కఠిన నియమము ఎవరికి విధింపబడినదో గమనింపవలెను. పదివేల ఏనుగుల బలము గల భీమునికి! ఎనుబదేండ్ల ముదుసలికి కాదు. అంతటి భీమునికిని ఆచమనోదకము నిషేధింపబడలేదు.

స్మృతికారులు మనుష్య దేహము నెఱిగినవారు. ఎనిమిదేండ్లు నిండి, ఎనుబది నిండనివారికే ఏకాదశ్యుపవాసమని కాత్యాయన వచనము. వ్రతమును భంగపఱుపని వస్తువు లెనిమిదింటిని పెద్దలు లెక్కించిరి. నీరు, దుంపలు, ఫలములు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము అని. ఆ లెక్కలో మొట్టమొదటిది నీరే. రోగులకును అశక్తులకును కటిక ఉపవాసమునకు బదులు ఫలాహారము, క్షీరాహారము మొదలైన అనుకల్పములు ధర్మశాస్త్రములలో ఎన్నియో కలవు. ఉపవాస మనగా భగవంతుని సమీపమున వసించుట. శోషవచ్చి పడిపోయినవాని మనస్సు ఎవరి సమీపమున ఉండును?

ఈ సీమవారికి హరివాసరమును గూర్చి వేఱొక సంబంధము కూడ కలదు. 16వ శతాబ్ది తొలినాళ్ళలో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోవుచు కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువును సేవించి, అచ్చటనే ఏకాదశి ఉపవాస ముండెను. ఆ రాత్రి నాలుగవ జామున స్వామి కలలో సాక్షాత్కరించి, గోదాదేవి కథను తెలుగున కావ్యముగా రచింపుమని ఆనతిచ్చెను. ఆముక్తమాల్యదకు అదియే మూలము. ఏకాదశినాడు పుట్టిన సంకల్పమునుండి వెలువడిన ఆ కావ్యము ఉపవాసమునకంటె అన్నము పెట్టుటనే ఎక్కువగా వర్ణించుట విశేషము.

శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు దారిన పోవు శ్రీవైష్ణవులను ఇంటికి పిలిచి ఆరాధించినవాడు. ఆయన పెట్టు భోజనము ఋతువునుబట్టి మాఱుచుండును. వేసవిలో వచ్చిన అతిథికి నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెఱకురసము, లేత కొబ్బరినీరు, పండ్ల రసములు, పరిమళము గూర్చిన చల్లని నీరు, ఊరవేసిన పిందెలు, నీరుమజ్జిగ. వాగ్భటుడు అష్టాంగహృదయమందలి ఋతుచర్యలో గ్రీష్మమునకు విధించిన పథ్యము కూడ ఇట్టిదే: తియ్యనిది, తేలికయైనది, చల్లనిది, ద్రవరూపమైనది. ఉప్పు, పులుపు, కారము మితిమీఱరాదు. వ్యాయామము, ఎండ కూడదు. పగటినిద్రను ఇతర ఋతువులలో నిషేధించినవారు ఈ ఋతువున మాత్రము అనుమతించిరి. మధ్యాహ్నము కునుకు తీయువారిని నిందించువారు ఈ మాట గుర్తుంచుకొందురు గాక!

కృష్ణాతీరపు ఉష్ణము వేఱు జాతిది. సముద్రము చేరువ యగుటచే గాలిలో తేమ మెండు. చెమట పట్టును గాని ఆఱదు. అది ఆఱినప్పుడే గదా దేహము చల్లబడుట! ఆ కారణముచేత మెట్టసీమ కంటె ఎండ ఒకింత తక్కువైనను ఈ ప్రాంతపు ఉక్క ప్రాణములను తోడివేయును. వయసు ముదిరినకొలది దాహము కూడ మందగించును. ఒంటిలో నీరు తఱిగిపోవుచున్నను దప్పిక తెలియదు. "నాకు దాహం వేయడంలేదు" అను ముదుసలి మాట అబద్ధము కాదు. కాని అది క్షేమమునకు గుర్తును కాదు. 2015 మే మాసాంతమున వీచిన వడగాలికి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి మించి మరణించిరి. వారిలో వృద్ధులును, ఎండలో కష్టించువారును అధికులు. చర్మము కాలిపోవుచు, మాట తడబడి, స్పృహ తప్పినవారిని నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి విసరుచు, తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. స్పృహలేనివారి నోట నీరు పోయరాదు. రక్తపుపోటుకు మందులు వాడువారు ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగుట మంచిది. వైద్యుడు ఇచ్చు ఔషధము వ్రతభంగము కాదని పై వచనమే చెప్పుచున్నది గదా.

ఇట్టి కాలమున నీటిదానమును మించినది లేదని స్కాందపురాణాంతర్గతమైన వైశాఖ మాహాత్మ్యము వేనోళ్ళ పొగడినది. గొడుగు, పాదరక్షలు, విసనకఱ్ఱ, అన్నిటికంటె ముఖ్యముగా ప్రప, అనగా చలివేంద్రము. దివిసీమలో సముద్రమునకు దాపున బావిత్రవ్విన ఉప్పునీరు పడు గ్రామములు కలవు. విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తియై, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చి, కాలువలు పాఱుచున్నను, వేసవిలో అవి కట్టివేసినపుడు ముందుగా నింపుకొన్న చెఱువే ఊరికి దిక్కు. ఆ ఊళ్ళలో కుండెడు మంచినీటి విలువ పురాణము చదువనివారికిని తెలియును. చలివేంద్రమును ఛాయాచిత్రముల నడుమ ప్రారంభించి, వారము తిరుగకుండ కుండలను ఎండబెట్టుట మాత్రము ఏ పురాణమునను చెప్పబడలేదు.

విష్ణుచిత్తుని కథలోనే మఱొక ఘట్టము. మధురలో వేసవి రాత్రి ఒక ఇంటి అరుగుపై పరుండిన బాటసారి విప్రుడు ఒక సుభాషితము చదివెను. వానకాలము కొఱకు ఎనిమిది నెలలు, రాత్రి కొఱకు పగలు, ముదిమి కొఱకు యౌవనము, పరము కొఱకు ఇహము వినియోగింపవలెనని దాని భావము. భోగలాలసుడై ఆ దారిన పోవుచున్న పాండ్యరాజు అది విని కళ్ళు తెఱచెను. ఆ బాటసారికి ఆ రాత్రి అరుగు లేకున్న రాజునకు ఆ మాట చెవిని పడెడిది కాదు.

ఇక ఆ అత్తాకోడండ్ర కథ. అట్టి ఒక ఇంట కోడలు వాదము మానుకొన్నది. ఏకాదశినాటి ఉదయము కుండలోని చల్లని నీట తులసీదళములు, ఏలకులు వేసి, పెరుమాళ్ళ సన్నిధిని ఆరగింపు చేసినది. హారతి అయిన పిమ్మట ఉద్ధరిణెను ప్రక్కనుంచి నిండు చెంబుతోనే అత్తగారి ముందు నిలిచినది.

"ఇంత తీర్థమా?" అన్నదామె.

"స్వామి ఎంత ఇస్తే అంత, అత్తయ్యగారూ."

ముదుసలి ఒక క్షణము చెంబువంక చూచి, చెంగు సవరించుకొని దోసిలి పట్టినది.